ప్రమాణము తరువాత పొలము

అలిపిరి తనిఖీ కేంద్రము కడ వాహనములు బారులు తీరి నిలిచినపుడు భద్రతాసిబ్బంది సంచులు విప్పించి, మద్యపు సీసాలను, సిగరెట్టు పెట్టెలను, ఖైనీ పొట్లములను, గుట్కా పాకెట్లను ఏరి పక్కన పెట్టించుట తిరుమల కొండకు పోయినవారందరు ఎరిగిన సంగతియే. ఇందు నన్ను ఆకర్షించునది తనిఖీ కాదు, తనిఖీ దాటినవాని ప్రవర్తన. ఇంటనున్న దినములలో పూటకొక పెట్టె తగులబెట్టువాడు, ప్రొద్దు క్రుంకినచో కాలు నిలువక దుకాణమువైపు మళ్ళువాడు, కొండమీద కంపార్టుమెంటులో గంటల తరబడి కూర్చుండి, తలనీలాలిచ్చి, దర్శనము చేసికొని, లడ్డూలు సంచిలో వేసికొని, పెద్దగా విసుగుకొనకయే ఒకటి రెండు దినములు గడపివేయును. గడపి, క్రిందికి దిగి, కపిలతీర్థము దాటకమునుపే అగ్గిపెట్టె కొరకు జేబు తడవుకొనును. దైవభయమనుడు, స్థలమాహాత్మ్యమనుడు, పదిమంది చూతురన్న సంకోచమనుడు, ఏ పేరు పెట్టినను అచట ఒక శక్తి పనిచేయుచున్నదనుట నిజము. ఆ శక్తికి ఆయువు టోలుగేటు వరకే యనుటయు అంతే నిజము. నిత్యము త్రాగనిదే చేతులు వణకువాని సంగతి వేరు. వాడు ఆ రెండు దినములును నిలువజాలడు. వాని ప్రసక్తి ముందు రాగలదు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వ్రతములకు కొరత లేదు. చిత్తూరునకు చేరువలో బాహుదానదీతీరమున వెలసిన కాణిపాక వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణములకు పేరుమోసిన దైవము. అప్పు ఎగవేసినవాడును, పొలముగట్టు జరిపినవాడును న్యాయస్థానములో తడబడక అబద్ధమాడినను ఈ స్వామి యెదుట ఆడజాలరని జనుల విశ్వాసము. ఆ విశ్వాసమునే ఆశ్రయించి ఎందరో తల్లులు, ఎందరో ఇల్లాండ్రు, త్రాగుడునకు బానిసలైన కొడుకులను, భర్తలను వెంటబెట్టుకొని వచ్చి, స్నానము చేయించి, స్వామి ముందు నిలిపి, ఇక ముట్టనని చెప్పించుకొని పోవుచుందురు. దీనిని మూఢత్వమని తీసివేయు మేధావులతో నాకు ఏకీభావము లేదు. ఆసుపత్రి గడప తొక్కుటకు పరువు అడ్డువచ్చు సంసారమునకు గుడి గడప తొక్కుటకు ఏ అడ్డును లేదు. తన వ్యసనమును నలుగురి యెదుట నోరార ఒప్పుకొనుటకు ఒక పేద కుటుంబీకునకు ఈ జిల్లా చూపిన చోటు, మంచిదో చెడ్డదో, అదియే. రోగి తన రోగమును ఒప్పుకొననిదే చికిత్స సాగదని వైద్యులు ఎన్నెన్నో వ్యాసములు వ్రాసి చెప్పుమాటను, కాణిపాకము బస్సెక్కిన ఇల్లాలు ఎవరును చెప్పకయే ఎరుగును.

కార్తికము వచ్చినదన్న మరియొక దృశ్యము. నలుబదియొక్క దినముల అయ్యప్ప దీక్ష పట్టినవాడు నల్లబట్ట కట్టి, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానము చేసి, నేలమీద పరుండి, భిక్ష స్వీకరించి, మద్యమాంసములను విడిచి, రాత్రి గురుస్వామి పీఠము కడ తోడి దీక్షాపరులతో భజనలో కూర్చుండును. మొన్నటివరకు వానిని ఈసడించిన వీధియే వానికి త్రోవయిచ్చి "స్వామీ" యని పిలుచును. కట్టుకొన్న భార్యయు, కన్నతండ్రియు అట్లే పిలుతురు. నాకు తోచినంతలో దీక్షయొక్క బలము నల్లబట్టలో లేదు, చన్నీళ్ళలోను లేదు. దినమునకొక క్రమము, చుట్టును నలుగురు తోడు, ఊరిలో ఇంత గౌరవము ఒక్కపెట్టున చేతికందుటలో ఉన్నది. త్రాగుడు మొట్టమొదట హరించునవియు అవియే. కాని శబరిమల నుండి తిరిగివచ్చి మాల తీసిన నాటి సాయంకాలమునకు పీఠము ఖాళీయగును, స్నేహితుల ఫోనులు మొదలగును, వీధి పాత పిలుపునకే దిగును. నలుబదిరెండవ దినమున వాడు మరల సీసా పట్టినచో బలహీనుడని నిందించుట సులభము. నలుబదిరెండవ దినమునకు వానికి మనమేమి సమకూర్చియుంటిమని అడుగుట అంత సులభము కాదు.

ప్రమాణమునకు ఇంకొక చిక్కున్నది. వైద్యశాస్త్రము వ్యసనమును తిరుగబెట్టు స్వభావముగల దీర్ఘరోగముగా పరిగణించును. మానినవాడు మరల త్రాగుట అందులో అరుదైన వైపరీత్యము కాదు, రోగలక్షణమే. ప్రమాణమో, ఒక్క గుక్కతో సర్వము భగ్నమగును. తప్పినవాడు ఆ క్షణమునుండి రోగి కాక పాపియగును. స్వామి కన్ను పోగొట్టునో కాలు పోగొట్టునో యను భయమొకవంక, భార్య ముఖము చూడలేని సిగ్గొకవంక పట్టి పీడింప, ఆ భయమును ఆ సిగ్గును మరచుటకు వానికి తెలిసిన మందొక్కటే. అందుచేత ఒట్టు తప్పిన తరువాతి త్రాగుడు ఒట్టునకు ముందరి త్రాగుడుకన్న తరచుగా దారుణమై యుండుటలో ఆశ్చర్యము లేదు. మన దేవాలయములలో ప్రమాణము చేయుటకు విధి కలదు. తప్పినవాడు మరల వచ్చి తలవంచి నిలుచుటకు విధి లేదు.

ప్రభుత్వము చేసిన ప్రయోగములును ఈ జిల్లాకు క్రొత్తవి కావు. రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధానిగా 1937 అక్టోబరులో సేలము జిల్లాయందు మద్యనిషేధము నారంభించి, మరుసటి యేడు, అనగా 1938లో, దానిని చిత్తూరు కడప జిల్లాలకు విస్తరింపజేసెను. తెలుగుజిల్లాలలో నిషేధపు రుచి మొదట చూచినవి ఈ రెండే. ఆబ్కారీలో పోయిన రాబడిని పూడ్చుకొనుటకు ఆయన 1939లో తెచ్చిన అమ్మకపు పన్ను మాత్రము నాటినుండి నేటివరకు పేర్లు మార్చుకొనుచు మనలను అంటిపెట్టుకొనియే యున్నది. నిషేధమో, యుద్ధకాలమున సడలి, పిమ్మట బిగిసి, 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలుటకు కారణమై, కాలక్రమమున కనుమరుగయ్యెను. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో సీతమ్మకథ చదువుకొన్న స్త్రీలు సారా దుకాణమును మూయించిన వైనము, ఆ మంట రాష్ట్రమంతట ప్రాకుట, 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధమును అమలులోనికి తెచ్చుట, 1997లో అది సడలిపోవుట మన తరము కన్నులార చూచినదే. ఆ తల్లుల పోరాటమునకు నేను చేతులు జోడింతును. కాని దుకాణమునకు తాళము పడిన రాత్రి, పదేండ్లుగా త్రాగుచున్న మనుష్యుని దేహములో ఏమి జరుగునో ఆ నిషేధములు వేటియందును ఎవరును అంతగా విచారించినట్లు లేదు. 2020లో కరోనా కట్టడివలన మద్యము దొరకనపుడు ప్రకాశము జిల్లా కురిచేడులో శానిటైజరు త్రాగి పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. సరకు ఆగినంత మాత్రమున దాహము ఆగదనుటకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

ఢిల్లీలోని ఎయిమ్స్ వారి జాతీయ వ్యసనచికిత్సా కేంద్రము కేంద్ర సామాజిక న్యాయశాఖ కొరకు జరిపి 2019లో వెలువరించిన సర్వేక్షణ ప్రకారము దేశమున మద్యము సేవించువారు సుమారు 16 కోట్లు. వారిలో ఇతరుల సహాయము లేనిదే తేరుకొనలేనివారు 5.7 కోట్లు. మద్యమునకు బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స అందినవారు 38 మందిలో ఒక్కరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. 38 మందిలో ఏ చికిత్సయు అందని ఆ 37 మందిని ఎవరు చూచుచున్నారు? తల్లి, భార్య, వినాయకుడు. గంజాయి సంగతి మరియొక వంక. తూర్పు కనుమలనుండి బయలుదేరు మూటలు రైళ్ళలోను లారీలలోను దక్షిణమునకు సాగు మార్గములపై మన ఊళ్ళున్నవి. కళాశాలల వసతిగృహముల చుట్టును అది చేతులు మారుచున్నదన్న వార్త ఇపుడెవరిని ఉలికిపడనీయుట లేదు. రాష్ట్రప్రభుత్వము 2024లో ఈగల్ అను ప్రత్యేకదళమును నెలకొల్పి, 1972 అను ఫోను సంఖ్యను ప్రచారములో పెట్టినది. మంచిదే. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునందలి 64ఎ సెక్షను, కొద్దిపాటి సరకుతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట చికిత్సకు పూనుకొన్నచో వానికి అభియోగమునుండి రక్షణ కల్పించుచున్నది. 39వ సెక్షను కొన్ని నేరములలో చెరసాలకు బదులుగా చికిత్సకు పంపు అధికారమును న్యాయమూర్తికి ఇచ్చుచున్నది. అక్కర చట్టముది కాదు, చోటుది. జిల్లా న్యాయమూర్తి ఒకడు దయతలచి ఒక పీలేరు కుర్రవానిని ఏడాది చికిత్సకు పంపదలచినచో ఎచటికి పంపవలెను? ఉన్నవి పెద్దాసుపత్రిలో కొలది పడకలు, అచట ఉంచుకొనునది కొన్ని వారములు; కాదన్న, నెలకు వేలకు వేలు గుంజుకొని, రాత్రివేళ మనుష్యులను పంపి కాళ్ళుచేతులు పట్టి కారులో వేసికొనిపోవు ప్రైవేటు కేంద్రములు.

ఇచటనే నేను పొలమును గూర్చి చెప్పదలచినది. 1983లో బ్రెజిలు దేశమున సావో పాలో రాష్ట్రములోని గ్వారటింగెటా యను పట్టణములో నెల్సన్ జొవనెల్లి యను యువకుడు తన వీధిచివర మత్తుమందులు సేవించుచు కూడియుండు కుర్రవాండ్రతో స్నేహము కలిపెను. వారిలో ఒకడు తన్ను ఈ ఊబినుండి పైకి లాగుమని అడిగెను, పిమ్మట మరికొందరు. హాన్స్ స్టాపెల్ అను జర్మను దేశపు ఫ్రాన్సిస్కను సన్న్యాసి, ఆ ఊరి గురువు, వారికి అండగా నిలిచెను. అట్లు పుట్టిన 'ఆశాక్షేత్రము' నేడు అనేక దేశములకు వ్యాపించినది. 2007 మే నెలలో పోపు 16వ బెనెడిక్టు స్వయముగా ఆ తొలి పొలమునకు పోయి వారితో గడపెను. చేరినవాడు అచట పన్నెండు మాసములుండును. ఉదయము ప్రార్థన, పగలెల్ల సేద్యము, పశుపాలనము, వంట, రాత్రి నలుగురును కూర్చుండి ఆనాడు తాము బైబిలు వాక్యమును ఎంతవరకు ఆచరణలో పెట్టితిమో చెప్పుకొనుట. ఇందులో మనకు తెలియనిదేమి? స్నానము, భజన, సహపంక్తి, గురుస్వామి. మన దీక్షకును ఆ క్షేత్రమునకును ఉన్న భేదములు ప్రధానముగా రెండే: దీక్ష నలుబదియొక్క దినములలో ముగియును, క్షేత్రము ఏడాది నడచును, దీక్షలో ఉన్నవాడు పగలు తన పాత అంగడికే పోవును, క్షేత్రములో ఉన్నవానికి పగలు చేయుటకు ఒక పని యున్నది.

ఆ పనిని గూర్చి ఒకింత నిలిచి చెప్పవలెను, ఏలయన పొలమనగానే పట్టణవాసులకు తోచునది పచ్చదనము, చల్లగాలి, ప్రశాంతి. వ్యసనపరునకు ప్రశాంతి పనికిరాదు. ఊరక కూర్చున్న మనస్సు ఎచటికి పోవునో వానికన్న బాగుగ ఎవరికి తెలియును? పొలము వానికి మేలుచేయునది గడియారమువలన. పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగులు పెంచు ఇంటిని చూచినవారు ఎరుగుదురు. గ్రుడ్డు పగిలి పురుగు వెలువడినది మొదలు గూడు కట్టువరకు ఇంచుమించు ఇరువదియైదు దినములు ఆ ఇంటివారికి పెండ్లిండ్లు లేవు, ఊళ్ళు లేవు. పురుగు నాలుగుమారులు పొర విడుచును. విడుచునపుడు మేత ఆపవలెను, విడిచిన పిదప మేత పెట్టవలెను, ఆకు వాడినచో తినదు, తడిసినచో రోగము వచ్చును. చివరి దశలో వారము దినములలో అది తన బ్రతుకునందు తిను ఆకులో ముప్పాతికకు పైగా తినివేయును. ఆ వారము పగలనక రేయనక మల్బరీ కోసి తెచ్చి పరచుచుండవలసినదే. త్రాగి పడుకొన్నవాని పురుగులు మేత లేక నీరసించి పంట చెడును. వానిని తిట్టుటకు భార్య అక్కరలేదు, పోలీసు అక్కరలేదు. ఆవు అట్లే. నాలుగు గంటలకు పాలు పితుకవలసిన పొదుగు నీకు మనసు బాగున్నదా యని అడుగదు. టమాటా మడి రెండు రెండున్నర మాసములకే కాయనిచ్చి, ఒక మనిషి నాటిన దానిని ఆ మనిషియే కోసికొను సంతోషమును త్వరగా చూపును. మామిడి అంటు, నాటినవాడు పొలము విడిచి పోయిన తరువాత ఎవరికో కాయును. ఇవి రెండును ఒక్క పొలముననే ఉండుట మేలు. మరియు, ఈ పనులలో ఏ యొక్కటియు ఒంటివాడు చేయగలది కాదు. పట్టుగూళ్ళు చంద్రికలను వెదురుచట్రములనుండి విడదీయునాడు ఇంటిల్లిపాది కూర్చుండవలెను. వ్యసనము మనిషిని అందరినుండి విడదీసి ఒంటరిని చేయును. పురుగు వానిని పదిమంది నడుమ కూర్చుండబెట్టును.

పొలము ప్రమాదస్థలము కూడ. మన రైతు ఇంటి అటకమీద పురుగుమందు డబ్బా ఎట్టి పని చేయగలదో రాయలసీమకు చెప్పనక్కరలేదు. మద్యమునో మత్తునో మానిన తొలిమాసములలో మనుష్యుని క్రమ్ముకొను విషాదము సామాన్యమైనది కాదు. అట్టివారు ఇరువదిమంది నిద్రించు తావున క్రిమిసంహారకము నిలువయుంచుట బుద్ధిహీనత. కాబట్టి అచటి సేద్యము ప్రకృతి సేద్యమే కావలెను, అది నేటి వాడుక యగుటచే కాదు, ప్రాణరక్షణ కొరకు. చెరకు కూడ వలదని నా మతము. చిత్తూరు బెల్లము కీర్తి గొప్పది. ఆ బెల్లపు నల్లరకము నాటుసారా బట్టీలకు పోవు సంగతియు అంతే ప్రసిద్ధము. ఇటలీలో ఇట్టి సముదాయములలో మిక్కిలి పేరొందిన సాన్ పత్రిన్యానో ద్రాక్షతోటలు పెంచి మద్యము తయారుచేసి అమ్మును. ఆ హాస్యమును మనము అనుకరింపనక్కరలేదు.

సాన్ పత్రిన్యానో పేరు వచ్చినది గనుక అసలు భయమును చెప్పివేయుదును. రిమిని పట్టణము చేరువ 1978లో విన్చెన్సో ముచ్చోలి స్థాపించిన ఆ సముదాయము ఏ మతమునకు చెందినది కాకున్నను, స్థాపకునియందలి భక్తి మతముకన్న తక్కువదేమియు కాదు. హెరాయినునకు బలియగుచున్న కొడుకులను బ్రతికించుకొనలేని ఇటలీ తల్లిదండ్రులు వేలకొలదిగా ఆయన గుమ్మము కడ నిలిచిరి. ఆయన అడిగినది డబ్బు కాదు. కాని 1980లో పోలీసులు పోయి చూచినపుడు యువకులు గొలుసులతో కట్టబడియుండిరి. 1985లో పడిన శిక్షను పై న్యాయస్థానము కొట్టివేసెను, ప్రజాభిప్రాయమును ఆయన పక్షమే వహించెను. 1989లో ఆ సముదాయములోనే ఒక యువకుడు తోడివారి దెబ్బలకు చచ్చిపోయెను. బిడ్డల మేలు కొరకే గొలుసు వేసితిమని చెప్పినపుడు నమ్మని తల్లి లేదు. ఇట్టిది అన్యదేశమున గదా యని సంతోషించుటకు వీలులేదు. మన పొరుగున, తమిళనాడులోని రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గా మహిమచే మతిచలించినవారు బాగుపడుదురను విశ్వాసము చుట్టు వెలసిన పాకలలో ఒకదానికి 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున నిప్పంటుకొనగా, కాళ్ళకు గొలుసులున్నందున కదలలేక 28 మంది కాలి మరణించిరి. విశ్వాసము ఒక్కటియే ఉన్నచోట దయ తప్పక ఉండునని ఎవరైనను చెప్పినచో వారికి ఏర్వాడిని గుర్తుచేయవలెను. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున క్రైస్తవ పునరావాస కేంద్రమొకటి న్యాయస్థానములు పంపిన వ్యసనపరులచే కోళ్ళ కర్మాగారములలో కూలిలేని పనిచేయించిన ఉదంతము 2017లో బయటపడినది. గొలుసు ఇనుముతోనే చేయబడవలెనని లేదు.

2017 నాటి మన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ఈ విషయమున స్పష్టముగ నున్నది. మద్యమాదకద్రవ్యములవలన కలిగిన మానసికస్థితులను అది తన పరిధిలోనికి తీసికొనినది. ఏ రూపమునను గొలుసు వేయరాదన్నది. ఇట్టి సంస్థలు నమోదు కావలెనన్నది. మన జిల్లాలో ఎవరు పునరావాసక్షేత్రము పెట్టినను, స్వాములైనను పాస్టర్లైనను, మొదట చూడవలసినది ప్రార్థనామందిరము కాదు, గేటు. అది లోపలివానికి లోపలినుండి తెరచుకొనవలెను. వచ్చినవాడు తాను వచ్చియుండవలెను; పోదలచినవాడు పోవలెను; పోయినవాడు మరల వచ్చినచో ప్రశ్నింపక అన్నము పెట్టవలెను. పైన ప్రమాణమునకు లేదన్న విధి ఈ చివరిది.

వైద్యుని మాట తీసివేయరాదు. చిరకాలము త్రాగినవాడు ఒక్కపెట్టున మానినచో తొలి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతిభ్రమ కలిగి, లేని పురుగులు ఒడలిపై ప్రాకుచున్నట్లు కేకలు వేయుచు, సకాలమున మందు పడనిచో మరణించువారును కలరు. కొండమీద రెండు దినములు నిలువలేడని మొదట నేను చెప్పినవాడు ఇతడే. వీనిని తిన్నగా పొలమునకు తీసికొనిపోయి ప్రార్థన చేయించుట హత్యతో సమానము. మొదటి వారము పది దినములు తిరుపతి రుయావంటి పెద్దాసుపత్రిలో, పిమ్మట పొలము. పొలమునకు వచ్చిన పిదపను వైద్యుడు వ్రాసిన మాత్రను దైవముమీద అవిశ్వాసముగా ఎంచి మాన్పించు గురువును ఆనాడే సెలవుపుచ్చవలెను.

విశ్వాసము లేని పొలము చాలదా యని హేతువాద మిత్రులడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. అమెరికా ప్రభుత్వము 1935లో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టనులో వేయి యెకరములలో 'మాదకద్రవ్య క్షేత్రము' నొకదానిని తెరచెను. అచట పాడి యుండెను, టమాటా యుండెను, మేటి వైద్యులుండిరి, దేవుడు మాత్రము ప్రధానుడు కాడు. తిరిగి తమ ఊళ్ళకు పోయినవారిలో అత్యధికులు మరల మందులో పడిరని అచటి వైద్యుల పరిశీలనలే చెప్పినవి. ఖైదీలమీద జరిపిన ప్రయోగములకు ప్రతిఫలముగా మత్తుమందునే ఇచ్చిన కళంకము మూటగట్టుకొని 1970ల నడుమ అది మూతపడెను. దైవము లేకపోవుటచే అది ఓడినదని నేననను. పోయినవానికి ఊరిలో ఎదురువచ్చు మనిషి లేకపోవుటచే ఓడినదందును. మన దేశమున మతము చేయగల పని అదియే: ప్రతి ఊరను భజనమందిరమో, చర్చియో, మసీదో ఉన్నది, అచట వారమునకొకమారైనను కూడు పదిమంది ఉన్నారు. కర్ణాటకలో ధర్మస్థల క్షేత్రమువారి గ్రామాభివృద్ధి సంస్థ ఊరూర వారము దినముల మద్యవర్జన శిబిరములు నడపి, మానినవారిని నవజీవన సమితులుగా కూర్చి, ఆ సమితులచే మరుసటి యేండ్లు కనిపెట్టి చూచుచున్నది. వారము చాలదని నా యభిప్రాయము. సమితి మాత్రము మనము నేర్వదగినది.

ఏడాది యనగానే అమ్మో యనువారికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమును చూపింతును. 1915లో క్రైస్తవ మిషనులు కొన్ని చేతులు కలిపి అచట తెరచిన క్షయరోగశాలకు డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ అధిపతిగా నుండెను. క్షయకు మందు కనిపెట్టబడని దినములవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, కాలము, ఇవే చికిత్స. దక్షిణదేశమంతటినుండి రోగులు వచ్చి మాసములు మాసములు అచట ఉండిరి. కుటుంబములు ఎదురుచూచెను, ఉద్యోగములు ఆగెను, ఎవరును అంతకాలమేల యనలేదు. రోగము ఊపిరితిత్తులలో ఉన్నపుడు ఏడాది ఇచ్చిన సమాజము రోగము ఇచ్ఛాశక్తిలో ఉన్నపుడు నలుబదియొక్క దినములే ఇచ్చుట న్యాయము కాదు. అందరి వ్యాధిని చూచుటకు ఒక మతమువారు కట్టిన ఆ ఇల్లు ఈ జిల్లాకు పరాయిదియు కాదు.

ఇపుడు తిరుమల తిరుపతి దేవస్థానములవారికి నా విన్నపము. ఐదువేల కోట్ల రూపాయలకు మించిన వార్షిక బడ్జెటు గల సంస్థకు ధనము కొరతయని ఎవరును అనరు. పలమనేరులో వందల యెకరముల గోశాల యున్నది. గోవులను రైతులకు ఇచ్చి, ప్రకృతి సేద్యమున పండిన శనగలు మొదలగు సరకును స్వామి ప్రసాదములకు కొనెడి ఏర్పాటును దేవస్థానము ఇదివరలో చేసికొనియుండెను. 1985లో మొదలిడిన నిత్యాన్నదానము నేడు తరిగొండ వెంగమాంబ పేరిటి భవనమున దినమునకు వేలాదిమందికి సాగుచున్నది; దానికి కూరగాయలు కావలెను. మదనపల్లె యంగడిలో కిలో టమాటా ఒకనాడు నూరు దాటి, మరియొకనాడు కోతకూలి రాక రోడ్డుమీద పారబోయబడుట మనకు ఏటేటి ముచ్చట. ఆ పారబోసిన సాయంకాలములలోనే ఎందరు మానినవారు మరల త్రాగ మొదలిడుదురో ఊహింపవచ్చును. పండించినదెల్ల నిశ్చితమైన ధరకు కొండమీది వంటశాలకు చేరునన్న హామీ యున్న పొలములో ఆ సాయంకాలము రాదు. గోశాల పక్కన ఇరువది యెకరములు, ఇరువది మంది మనుష్యులు, ఒక వైద్యుడు వారమునకు రెండుమారులు. ఆరంభమునకు ఇంతే చాలును.

స్వామివారి సొమ్ముతో నడచు పొలమున అన్యమతస్థులకు చోటుండునా యను ప్రశ్న తప్పక వచ్చును. దేవస్థానము నెలకొల్పిన స్విమ్స్ లోను, బర్డ్ ఆసుపత్రిలోను మంచమెక్కు రోగిని మతమడుగుట లేదు. పొలము గుడికి కాక ఆసుపత్రికి చెల్లెలు కావలెను. భజనకు వచ్చువాడు భజనకు వచ్చును, నమాజు చేసికొనువాడు చేసికొనును, ఏదియు అక్కరలేదనువాడు ఆ గంట పశువులకు మేత వేయును. కులమును గూర్చి ఇంకను గట్టిగ చెప్పవలసియున్నది: వంటకొక కులము, పేడకొక కులము అని మొదటి నెలలో నిశ్శబ్దముగ ఏర్పడు విభాగమును మొదటి నెలలోనే పగులగొట్టనిచో ఆ పొలము నయముచేయుటకు బదులు ఊరినే లోపలికి తెచ్చుకొన్నట్లగును. పనికి కూలి ఉండవలెను. సేవయను పేరిట ఊరక చేయించుకొనరాదు. ఆ కూలిలో అధికభాగము వాని భార్య ఖాతాలో, ఆమె లేనిచో తల్లి ఖాతాలో నెలనెల పడవలెను. ఏడాదిపాటు మగదిక్కు ఇల్లు విడిచినపుడు పస్తులుండునది వారే గనుక, మొదటి పండుగ నాటికే వచ్చేయుమని పిలుచునదియు ఆ పస్తులే గనుక.

స్త్రీలలో త్రాగువారును, నిద్రమాత్రలకు మరగినవారును ఉన్నారు. వారిని కాణిపాకమునకైనను ఎవరును తీసికొనిపోరు, ఇంటిలోనే గొళ్ళెము వేసి దాతురు. వారికి వేరు పొలము, వేరు పర్యవేక్షణ, పసిబిడ్డను వెంట ఉంచుకొనుటకు వసతి మొదటి ప్రణాళికలోనే వ్రాయవలెను. మగవారిది నడిచిన పిదప వీరిది చూతమనుట వలదు. పిదప చూతమన్న కాగితములు మన కార్యాలయములలో ఏ అలమరలో ఉండునో దరఖాస్తు పెట్టుకొన్న ప్రతి వితంతువునకు తెలియును.